పాత మోటార్‌హోమ్‌కు చక్రాలు మార్చి, వెనక కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) బలపరచడం ఎలా?

అమెరికాలో పాత మోటార్‌హోమ్ కొన్న మనవాళ్లు చాలామంది ముందు పరుపులు మారుస్తారు, స్టవ్ మారుస్తారు, కర్టెన్లు కుట్టిస్తారు. నేనూ అదే చేశాను. మాది 2003 నాటి ఫోర్డ్ ఈ-450 ఛాసీ మీద కట్టిన 29 అడుగుల క్లాస్ సి బండి, అంటే వ్యాను ముందు భాగాన్ని అలాగే ఉంచి వెనక ఇల్లు కట్టిన రకం. కొన్న మొదటి వేసవిలోనే అమరిల్లో దాటి టుకుమ్‌కారీ వైపు ఐ-40 హైవే మీద వెళ్తుంటే వెనక కుడివైపు బయటి టైరు పేలింది. విడిపోయిన రబ్బరు ముక్క చక్రం పైనున్న రేకును చీల్చి, సింకు నీళ్లు పోయే పైపును ఊడబెరికింది. పిల్లలు బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. బండిని పక్కకు తీసి చూస్తే అసలు దోషం పేలిన టైరుది కాదని తెలిసింది. దాని వెనకున్న లోపలి టైరులో గాలి లేదు. వాల్వుకు తగిలించిన పొడవాటి గొట్టం ఎప్పటినుంచో లీకవుతోంది. ఇద్దరు మోయాల్సిన బరువు బయటి టైరు ఒక్కటే మోసి, వేడెక్కి పేలిపోయింది.

ఆ తర్వాత రెండు శీతాకాలాలు పట్టింది నాకు, ఆ బండి కింది భాగాన్ని నమ్మదగ్గ స్థితికి తేవడానికి. మీ బండి ఈ-350 అయినా ఈ-450 అయినా, వెనక జంట చక్రాలుంటే ఇదే వరస పనికొస్తుంది. వరస తప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

మొదటి పని తూకం

ఏ వస్తువూ ఆర్డరు పెట్టకముందు బండిని ప్రయాణానికి సిద్ధం చేసినట్టే నింపండి. నీళ్ల ట్యాంకు, గ్యాసు, పెట్రోలు నిండుగా ఉండాలి. బియ్యం మూట, గ్రైండరు, కుక్కర్లు, సైకిళ్లు, ఇంట్లో వాళ్లందరూ కూడా ఎక్కాలి. అప్పుడు దారిలో లారీలు ఆగే ట్రక్ స్టాపుకు వెళ్లి క్యాట్ స్కేలు మీద నిలబెట్టండి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఉండాలి. చేతికొచ్చే చీటీలో రెండు ఇరుసుల బరువూ విడివిడిగా ఉంటుంది.

ఆ అంకెలను డ్రైవరు తలుపు దగ్గరి లేబుల్‌తో పోల్చండి. నా బండి లేబుల్ మీద ముందు ఇరుసుకు 4,600 పౌండ్లు, వెనక ఇరుసుకు 9,450, మొత్తం 14,050 అని ఉంది. నా తూకం ముందు 4,140, వెనక 9,120 వచ్చింది. హద్దులోనే ఉన్నాను కానీ వెనక మిగిలింది 330 పౌండ్లే. నీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లదైతే ఆ నీళ్ల బరువే 330 పౌండ్ల పైన ఉంటుంది. దాన్ని బట్టి ఆలోచించండి.

ఇంకో లెక్క కూడా చూసుకోండి, దీన్ని చాలామంది పట్టించుకోరు. క్లాస్ సి బండ్లకు వెనక ఇరుసు దాటి తోక పొడుగు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 18 అడుగులు ఉండి, వెనక ఇరుసు నుంచి 9 అడుగుల దూరంలో బంపరు మీద మీరు 500 పౌండ్ల సామాను పెట్టారనుకోండి. వెనక ఇరుసు మీద పడేది 500 కాదు, 750. ఆ అదనపు 250 ముందు ఇరుసు నుంచి లేచిపోయిన బరువు. ఏతం కర్ర లెక్కే ఇది. ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పినట్టు ఉండటానికి కారణం చాలాసార్లు ఇదే. బరువైన సామాను ఇరుసుల మధ్యకు జరిపితే పైసా ఖర్చు లేకుండా సగం జబ్బు నయమవుతుంది.

తూకం లేబుల్ హద్దు దాటితే సామాను దించడం ఒక్కటే మార్గం. బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు, అంటే కమాన్లు, కొత్తవి వేసినా, వాటికి తోడుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేసినా, లావు టైర్లు వేసినా లేబుల్ మీది అంకె పెరగదు. ఇరుసు, బ్రేకులు, ఫ్రేము పాతవే కదా.

ఏ జబ్బుకు ఏ మందు

బండి "ఊగుతోంది" అని అందరూ అంటారు. ఆ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. సమతలంగా ఉన్నచోట ఆపి, వెనక చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచుదాకా రెండువైపులా టేపుతో కొలవండి. ఒకవైపు తక్కువుంటే ఆ వైపు కమాను అలసిపోయింది, లేదా ఆ వైపు బరువు ఎక్కువ. ఫ్రిజ్జు, బయటికి జరిగే స్లయిడవుట్ గది ఒకే పక్కనున్న బండ్లలో ఇది మామూలే. రెండువైపులా వెనక భాగం కిందికి కూర్చుండిపోతే కమాన్లు చూడాలి. గతుకు దాటాక బండి రెండుమూడుసార్లు పైకీ కిందకీ ఆడుతూనే ఉంటే షాకబ్సర్లు అయిపోయాయి. మలుపులో పక్కకు ఒరిగిపోతుంటే అది రెండు పక్కలనూ కలిపి ఒరుగుడు తగ్గించే కడ్డీ, యాంటీ రోల్ బార్ పని. పెద్ద లారీ పక్కనుంచి దాటినప్పుడు వెనక భాగాన్ని ఎవరో చేత్తో పక్కకు నెట్టినట్టు అనిపిస్తే ఇరుసు కమాన్ల మీద అడ్డంగా కదులుతోంది. దానికి ఇరుసు పక్కకు జరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే కడ్డీ, ట్రాక్ బార్ వేయాలి.

కూర్చుండిపోయిన కమాన్ల మీద ఎయిర్ బ్యాగులు బిగించి పని అయిపోయిందనుకోవడం నేను చూసిన తప్పుల్లో అతి పెద్దది. పగిలిన పట్టీ అక్కడే ఉంటుంది, బ్యాగు దాన్ని కప్పిపెడుతుంది, అంతే.

రిమ్ములు, టైర్లు ఎంచుకోవడం

పాత రిమ్ములు మార్చాలా వద్దా అన్నది వాటిని విప్పి చూశాకే తేలుతుంది. పైన మెరిసే స్టెయిన్‌లెస్ తొడుగులుంటే అవి తీసేయండి, వాటి కింద ఏముందో ఏళ్లతరబడి ఎవరూ చూసి ఉండరు. రిమ్ములో చెయ్యి దూరే రంధ్రాల అంచుల్లో వెంట్రుకలాంటి పగుళ్లు, నట్ల రంధ్రాలు గుండ్రంగా లేకుండా సాగిపోవడం, టైరు అంచు కూర్చునే చోట తుప్పు గుంటలు పడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రిమ్ము పనికిరాదు. నా ఆరు రిమ్ముల్లో రెండింటికి నట్ల రంధ్రాల చుట్టూ తుప్పురంగు చారలు దిగి ఉన్నాయి. నట్టు వదులై, లోహం లోహాన్ని రాసుకుంటే వచ్చే గుర్తు అది.

ఈ బండ్లకు 16 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు జంట చక్రాల రిమ్ము, 6.5 అంగుళాల వృత్తం మీద 8 బోల్టుల అమరిక కావాలి. 1999-2004 నాటి ఎఫ్-350 సూపర్ డ్యూటీ రిమ్ములు చూడటానికి ఇలాగే ఉంటాయి కానీ వాటి అమరిక 170 మిల్లీమీటర్లది, పట్టవు. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో "ఫోర్డ్, 8 బోల్టులు" అని చెప్పి అంటగట్టేస్తారు, టేపు చేతిలో పెట్టుకుని వెళ్లండి. మధ్య రంధ్రం ఇరుసు చివరి హబ్బు మీద వదులు లేకుండా సరిగ్గా కూర్చోవాలి. హబ్బు మీదే సరిగ్గా మధ్యకు కుదురుకునే రిమ్ములివి.

అల్యూమినియం రిమ్ములు వేసుకోవాలని చాలామందికి కోరిక. తేలిక, తుప్పు పట్టవు, మంచివే. కానీ అల్యూమినియం మందం ఎక్కువ. రిమ్ము పెట్టాక నట్టు బోల్టు మీద ఎన్ని చుట్లు ఎక్కుతోందో చూడండి. బోల్టు మందమెంతో కనీసం అంత పొడుగు మరలు నట్టులోకి దూరాలి. దూరకపోతే పొడుగు బోల్టులు వేయించాలి, లేదంటే ఆ ఆలోచన మానుకోవాలి. నేను ఉక్కువే వేశాను. కారణం ఒకటే. ఏడూ ఉక్కువైతే స్టెప్నీ ముందుకైనా వెనకకైనా, లోపలికైనా బయటికైనా అదే నట్లతో పట్టేస్తుంది. అర్ధరాత్రి హైవే పక్కన ఆ ఒక్క సౌకర్యం ముందు మెరుపు ఎంత?

టైర్లు ఎల్‌టీ (తేలికపాటి ట్రక్కులవి) 225/75ఆర్16, బరువు మోసే తరగతి "లోడ్ రేంజ్ E". ఎస్‌టీ అని ఉన్నవి ట్రైలర్లకు చేసినవి, వాటిని మోటార్‌హోమ్‌కు వేయకూడదు. ఈ కొలత టైరు 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలితో ఒంటరిగా 2,680 పౌండ్లు, జంటలో ఉంటే 2,470 పౌండ్లు మోస్తుంది. నాలుగు కలిపితే 9,880, నా వెనక ఇరుసు హద్దు కన్నా కాస్త ఎక్కువ. ఈ లెక్కలో ఒక్క టైరు గాలి తగ్గినా మిగతాది తట్టుకోలేదని మీకే అర్థమవుతుంది.

టైరు పక్కన డాట్ అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. మోటార్‌హోమ్ టైర్లు అరిగి పోవు, నిలబడి నిలబడి ముసలివైపోతాయి. గాడి లోతు నిండుగా ఉన్నా ఐదేళ్లు దాటితే ఏటా చూపించండి, పదేళ్లు దాటాయంటే మారు మాట్లాడకుండా తీసేయండి. జంటలో ఒక కొత్త టైరు, ఒక పాత టైరు కలపకండి. రెండింటి వ్యాసాల మధ్య తేడా పావు అంగుళం మించితే పెద్దది ఎక్కువ మోస్తుంది, చిన్నది రోడ్డు మీద రాసుకుంటూ అరుగుతుంది.

ఇక వాల్వులు. కార్లకు వేసే మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్ఐకే చేసింది. 80కి లోహపు వాల్వులు అడిగి వేయించుకోండి. లోపలి చక్రానికి పొడవాటి వంపు తిరిగిన గట్టి లోహపు వాల్వు దొరుకుతుంది. నన్ను ముంచిన మెత్తటి గొట్టం జోలికి మాత్రం వెళ్లకండి.

చక్రం విప్పి బిగించడం

గట్టి కాంక్రీటు నేల కావాలి. మట్టిలోనూ, ఎండకు మెత్తబడిన తారు మీదా ఈ పని వద్దు. బండిని పార్కు గేరులో పెట్టి హ్యాండ్ బ్రేకు వేసినంత మాత్రాన ఆగి ఉంటుందనుకోకండి. పార్కు గేరు పట్టుకునేది ప్రొపెల్లర్ షాఫ్టును. ఆ కాలపు ఈ-450ల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేకు కూడా ఆ షాఫ్టు మీదే ఉంటుంది. వెనక ఒకవైపు చక్రం నేల వదలగానే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని తిరగనిస్తుంది, బండి కదిలిపోతుంది. అందుకే ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనకా అడ్డాలు పెట్టండి. మన లారీ క్లీనర్లు బండి ఆగగానే దూకి చక్రం కింద రాయి పెట్టడం చిన్నప్పుడు చూశాం కదా, ఆ అలవాటు ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. బాటిల్ జాకీని ఇరుసు గొట్టం కింద, కమాను కూర్చునే చోటికి దగ్గరగా పెట్టి ఎత్తండి. బండికి లెవల్ చేసే జాకీలుంటే వాటితో ఎత్తొద్దు, అవి అందుకోసం చేసినవి కావు. ఎత్తగానే ఇరుసు కింద 6 టన్నుల స్టాండు పెట్టి బరువు దాని మీదికి దించండి. జాకీ మీద ఆధారపడిన బండి కిందకు తల పెట్టకండి, ఒక్క క్షణం కూడా.

చక్రాలు రెండూ తీశాక హబ్బు ముఖం, రెండు రిమ్ముల ముఖాలు వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి. నేను ఈ పనికి ఒక్కో చక్రానికి అరగంట పెట్టాను. తుప్పు పొర గానీ, మందంగా వేసిన రంగు గానీ మధ్యలో ఉంటే నట్లు బిగించినప్పుడు బాగానే ఉంటుంది, వంద మైళ్లు తిరిగేసరికి అది నలిగి పల్చబడి నట్లు వదులవుతాయి. రిమ్ముకు కొత్తగా రంగు వేయిస్తే ఆనుకునే ముఖాలకు పల్చటి పూత చాలని చెప్పండి.

లోపలి చక్రం పెట్టి, బయటి చక్రాన్ని దాని వాల్వు లోపలి వాల్వుకు సరిగ్గా ఎదురుదిక్కున వచ్చేట్టు తిప్పి పెట్టండి. రెండు వాల్వులూ రంధ్రాల్లోంచి చేతికి అందాలి. గాలి గేజి పెట్టి చూసుకోండి, అందకపోతే ఇప్పుడే సరిచేయాలి. అందని వాల్వుకు ఎవరూ గాలి కొట్టరు.

వాషరుతో కలిసి తిరిగే రెండు ముక్కల నట్లయితే వాషరుకూ నట్టుకూ మధ్య ఒక్క చుక్క ఇంజను ఆయిలు వేయండి. మరల మీద మాత్రం నూనె గానీ గ్రీజు గానీ వద్దు, జారుడు వల్ల బిగువు కొలిచే టార్కు రెంచి చూపే అంకె తప్పుతుంది, బోల్టు సాగుతుంది. ముందు చేత్తో అన్ని నట్లూ ఎక్కించండి. తర్వాత ఒకదానికి ఎదురుగా ఇంకోటి, నక్షత్రం గీసినట్టు, మొదట 50, తర్వాత 100, చివరికి మీ పుస్తకంలో ఉన్న అంకెకు బిగించండి. నా బండికి అది 140 ఫుట్-పౌండ్లు. చివరి విడత చక్రాన్ని నేలకు దించాక చేయండి. ఇంపాక్ట్ గన్నుతో బిగించి వదిలేయొద్దు.

దించాక కిందికి వంగి జంట టైర్ల మధ్య సందు చూడండి. నేలకు ఆనుకునేచోట టైర్లు బొద్దుగా ఉబ్బుతాయి. అక్కడ కూడా పక్కలు ఒకదాన్నొకటి తాకకూడదు. తాకుతుంటే రిమ్ము ఆఫ్‌సెట్ (బిగించే ముఖం రిమ్ము మధ్య నుంచి ఉన్న దూరం) తప్పు.

కమాన్లు

విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ల షెడ్డు ముందు ఎప్పుడైనా నిలబడ్డారా? పనివాడు పట్టీ మీద సుత్తితో కొట్టి చెవి పెట్టి వింటాడు. మంచి పట్టీ గణగణమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. ఇక్కడ కట్ట విప్పకుండా ఆ పరీక్ష చేయలేం గానీ, ముందు కమానంతా వైరు బ్రష్‌తో తుడవండి. పగులు ఎక్కువగా పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు దగ్గరా, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుల అంచునా ఉంటుంది. నా ఎడమవైపు కట్టలో మూడో పట్టీ మీద తుప్పు పెచ్చు అనుకున్నది గోటికి తగిలింది. లైటు పక్కనుంచి వేసి చూస్తే అడ్డంగా నల్లటి గీత. పట్టీ రెండు ముక్కలై, యూ బోల్టుల బిగువు మీదే నిలబడి ఉంది. అప్పటిదాకా ఎన్ని వేల మైళ్లు తిరిగామో!

పట్టీ పగిలినా, కట్ట తల్లకిందులుగా వంగినా రెండువైపులా కలిపి మార్చండి. ఊళ్లో లారీల కమాన్లు చేసే షాపు ఒకటి వెతకండి. మీ తూకం చీటీ చూపించి, ఈ బరువుకు తగ్గ కట్ట కావాలని అడగండి. "ఉన్నవాటికన్నా గట్టివి" అని మాత్రం అడగకండి. మరీ గట్టివి వేస్తే ప్రతి గతుకూ లోపలి అల్మారాలకూ అతుకులకూ చేరి, రెండేళ్లలో పైకప్పు మూలల్లో నీరు కారడం మొదలవుతుంది.

ఈ పని షాపుకే ఇవ్వమని నా సలహా. మీరే చేసుకోగల చోటూ పనిముట్లూ ఉంటే ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు విప్పండి, అప్పుడు ఇరుసు తన స్థానంలో ఉంటుంది. ఫ్రేమును స్టాండ్ల మీద, ఇరుసును జాకీ మీద ఉంచి కమాను మీది బరువు తీసేయాలి. షాకబ్సరు కింది బోల్టు, తర్వాత యూ బోల్టులు, ఆ తర్వాత షాకిల్ (కమాను వెనక కొసను ఫ్రేముకు కలిపే లింకు), చివరికి ముందు కన్ను (కమాను కొసలోని చుట్ట) బోల్టు విప్పాలి. ఇరుసు కిందికి వేలాడేటప్పుడు బ్రేకు గొట్టం లాగబడకుండా చూసుకోండి. తుప్పు పట్టిన బోల్టు రావడం లేదని గ్యాస్ మంట పెట్టొద్దు, ఈ బండ్ల పెట్రోలు ట్యాంకు వెనక ఇరుసుకు ఆనుకునే ఉంటుంది. కోసి తీయండి.

యూ బోల్టులు ఎప్పుడూ కొత్తవే. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి బిగువు నిలుపుకోదు. కమాను కన్ను బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలిపడి తొందరగా చిరిగిపోతాయి.

మిగిలినవి

కమాన్లు బాగుండి, బరువు ప్రయాణానికో రకంగా మారుతుంటే అప్పుడు ఎయిర్ బ్యాగులకు అర్థముంది. ఫ్రేముకూ ఇరుసుకూ మధ్య కూర్చుంటాయి. ఫైర్‌స్టోన్ రైడ్-రైట్ లాంటివి కనీసం 5, గరిష్ఠం 100 పీఎస్ఐ మీద పనిచేస్తాయి, ఖాళీగా నడిపితే బ్యాగు మడతపడి కోసుకుపోతుంది. కుడి ఎడమలకు గాలి గొట్టాలు వేరువేరుగా వేయండి. రెండూ కలిపేస్తే మలుపులో నొక్కుకున్న బ్యాగులోని గాలి రెండోదానిలోకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. గొట్టాన్ని బ్లేడుతో అడ్డంగా నిటారుగా కోయాలి, సైలెన్సరు పైపుకు దూరంగా తీసుకెళ్లాలి, అతుకులకు సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. ఖాళీ బండి ఎత్తును ముందే రాసిపెట్టుకుని, నింపాక ఆ ఎత్తుకు దగ్గరగా వచ్చేంత గాలి చాలు. తర్వాత ఎప్పుడైనా బండిని ఫ్రేము పట్టి ఎత్తితే వేలాడే ఇరుసు బ్యాగును చింపేయగలదు, గుర్తుంచుకోండి.

షాకబ్సర్లు జతగా మార్చండి. యాంటీ రోల్ బార్, ట్రాక్ బార్ రెండింటిలో ఒక్కటే కొనే స్తోమతుంటే, హైవేల మీదే ఎక్కువ తిరిగేవాళ్లు ట్రాక్ బార్ ముందు కొనండి. లారీలు దాటినప్పుడు స్టీరింగును పట్టుకుని కుస్తీ పట్టడం తగ్గుతుంది, సాయంత్రానికి భుజాలు నొప్పెట్టవు. రెండింటినీ బండి చక్రాల మీద నిలబడ్డప్పుడే బిగించాలి.

వెనక భాగం ఎత్తు పెరిగాక ముందు చక్రాల క్యాస్టర్ కోణం (స్టీరింగు తిరిగే గీత వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, స్టీరింగు తిన్నగా నిలబడకుండా తిరుగుతున్నట్టు ఉంటుంది. కమాన్లు బాగుచేశాక "బండి ఇంకా పాడైంది" అనిపిస్తే కారణం ఇదే. అలైన్‌మెంటుకు వెళ్లేటప్పుడు ప్రయాణపు బరువుతోనే వెళ్లండి, ఖాళీ బండికి చేసిన కొలత మీకు అక్కరకు రాదు. ముందు దీపాల వెలుగు ఎక్కడ పడుతోందో గోడ మీద చూసి సరిచేయించండి. మళ్లీ తూకం కూడా వేయించండి.

మొదటి 100 మైళ్లకు ఆగి నట్లన్నీ టార్కు రెంచితో చూడండి, మళ్లీ 500 మైళ్లకు చూడండి. యూ బోల్టులను కూడా అప్పుడే పట్టి చూడండి. తెల్ల పెయింటు పెన్నుతో ప్రతి నట్టు మీదుగా రిమ్ము దాకా ఒక గీత గీసి ఉంచాను నేను. పెట్రోలు పోయించిన ప్రతిసారీ మా పెద్దవాడు టార్చి పట్టుకుని ఆ గీతలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి, నాలుగు వెనక టైర్ల గాలి కొలిచి, డ్యాష్‌బోర్డు మీది పుస్తకంలో రాస్తాడు. లోపలి రెండింటితో మొదలుపెడతాడు.